పొట్టి అబద్ధం

నాకు ఆఫ్ ఉందంటే మా ఇంట్లో దుప్పట్లు ముందురోజు సాయంత్రమే నానతాయి. అత్తమ్మ వాటిని టబ్బులో ముంచి, పైకి తేలకుండా రాయి పెట్టి, "రేపు నీకు ఆఫే కదా" అంటుంది. ఆ మాట మా ఇంట్లో అందరి నోటా ఉంటుంది. మా ఆయన లక్ష్మణ్ దుకాణం నుంచి ఫోన్ చేసి, "రేపు నీకు ఆఫే కదా, దోస్తులను తిననీకి పిలిచిన" అంటాడు. మా బిడ్డ తన స్కూలు సంచి బోర్లించి, చిరిగిన జిప్పు నాకు చూపించి అదే మాట అంటుంది. హైదరాబాద్‌లో ఉండే మా ఆడబిడ్డ ఆ మాట అన్న తర్వాతే బస్సెక్కుతుంది. డిపోలో ఆఫ్ అంటే ఆ రోజు నాకు పని లేదని అర్థం. ఇంట్లో ఆఫ్ అంటే ఆ రోజు నేను దొరుకుతానని అర్థం.

నేను కామారెడ్డి డిపోలో కండక్టరును. ఎల్లారెడ్డి రూటు నాది. పొద్దున పోవడం, రావడం, మళ్ళీ పోవడం, మళ్ళీ రావడం. ఇన్నేళ్ళుగా ఆ దారిలో తిరిగిన మనిషిని కాబట్టి ఆ దారి గురించి అడిగితే చెప్పగలగాలి. చెప్పలేను. నేను చూసేది చేతులను. ఫ్రీ టికెట్టుకు ఆధార్ కార్డు చాపే ఆడవాళ్ళ చేతులు, చిల్లర చాపే చేతులు, పైన రాడ్డు పట్టుకున్న చేతులు. ఆ దారిలో ఒక చెరువుందని నాకు తెలుసు. దాన్ని చూసి తెలుసుకోలేదు. "చెరువు కట్ట కాడ ఆపు" అని దిగేవాళ్ళు అడుగుతారు కాబట్టి తెలుసు.

ఇంకొకటి చెప్పాలి. డ్యూటీలో నేను నీళ్ళు తాగను. మా డిపోలో ఆడ కండక్టర్లు చాలామంది తాగరు. మధ్యలో ఊళ్ళల్లో ఆడవాళ్ళు పోవడానికి జాగా ఉండదు. ఉన్న చోట తాళం ఉంటుంది. డ్రైవరుకు "ఆపు" అని చెప్పాలంటే బస్సులో ఉన్న అందరికీ కారణం తెలుస్తుంది. ఒకసారి ఎండాకాలంలో అలా ఆపించాను. నేను తిరిగి వచ్చి ఎక్కుతుంటే వెనక సీట్లో ఒకాయన, "ఆడోళ్ళకు టికెట్టు లేకపాయె, ఇగ ఆడోళ్ళ కోసం బస్సు కూడ ఆగవట్టె" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి నీళ్ళ సీసా మూత డిపోకు వచ్చాకే తీస్తాను. ఇది ఇంట్లో చెబితే మా ఆయన, "మరి నిన్ను నౌకరి చెయ్యమని ఎవలన్నరు?" అన్నాడు. ఆ నెల జీతం పడ్డ రోజు మాత్రం ఆ మాట అనలేదు.

లిదియా నాకు బస్సులోనే పరిచయమైంది. మాచారెడ్డి పిల్ల. ముప్ఫై దాటి ఉండవు. రాళ్ళ గురించి చదివింది. ఒకరోజు సంచి ఎత్తలేక ఎత్తలేక ఎక్కింది. లగేజీ ఏంటని అడిగితే "రాళ్ళక్కా" అంది. నమ్మలేదు. ఆమె ఒక ముక్క తీసి నా టికెట్ మిషను మీద రుద్దింది. ఇసుక రాలింది.

"ఇది ఏట్ల ఉన్న ఇసుక అక్కా," అంది. "మనుషులు పుట్టకముందటి ఏరు. నీళ్ళు పోయినయ్, ఇసుక గట్టివడ్డది. ఆ ఏరు అట్లనే ఉంది. మీద నడవొచ్చు."

"ఎక్కడ?"

"గోదావరి దిక్కు. అడివి అంచుకు. పొద్దుగాల పోతే సాయంత్రానికి వాపస్ రావొచ్చు. నేను ఆడోళ్ళను తీస్కపోత. ఐదారుగుర్నే. వస్తవా?"

ఎవరైనా నన్ను "వస్తవా" అని అడిగి చాలా కాలమైంది. "వస్తున్నవా" అంటారు. "ఎప్పుడొస్తవ్" అంటారు. నేను నవ్వి ఆమెకు ఆడవాళ్ళ జీరో టికెట్టు చింపి ఇచ్చాను. కానీ ఎల్లారెడ్డి చేరేదాకా నా వేళ్ళకు ఆ ఇసుక అంటుకునే ఉంది. తుడుచుకోలేదు.

నవంబరులో నా ఆఫ్ రెండో శనివారానికి మారింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. పెండ్లిళ్ళ రద్దీ ఉంది, నన్ను హైదరాబాద్ స్పెషల్ బస్సు మీద వేసిన్రు అని చెప్పాను. పెళ్ళైనప్పటి నుంచి మా ఆయనకు చెప్పిన మొదటి అబద్ధం అది. అది నోట్లోంచి ఎంత తేలికగా వచ్చిందంటే, చెప్పాక నేనే ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.

శనివారం తెల్లవారకముందే చీర మీద ఖాకీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వచ్చాను. అత్తమ్మ మంచం మీద నుంచే, "ఆఫ్ ఎప్పుడు పడ్డది ఈసారి?" అని అడిగింది. "తెల్వదు అత్తమ్మా" అన్నాను. అది రెండో అబద్ధం.

బస్టాండ్ ఎదురుగా మా ఆయన సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆ వేళకు షట్టరు వేసే ఉంటుంది. అయినా నేను ఆ వీధి గుండా పోలేదు. రైల్వే గేటు దగ్గర లిదియా వ్యాను ఆపుకుని ఉంది. వ్యాను ఆమే నడుపుతుంది. లోపల ముగ్గురున్నారు. నేను ఎక్కి, తలుపు పక్కన నిలబడి, అందరూ కూర్చున్నారో లేదో చూసి, రేకు మీద రెండుసార్లు కొట్టి "రైట్" అన్నాను.

వ్యానులో నవ్వు లేచింది. లిదియా వెనక్కి తిరిగి, "అక్కా, నువ్వు కూసుంటెనే పోత" అంది.

కిటికీ పక్కన సీటు నా కోసం ఉంచారు. నేను కిటికీ పక్కన కూర్చున్నది ఎప్పుడో గుర్తు తెచ్చుకోబోయాను. గుర్తు రాలేదు.

ఊరు దాటాక లిదియా అడిగింది. "ఇగ చెప్పుండ్రి. ఎవరేం చెప్పి వచ్చిన్రు?"

నాకు అర్థం కాలేదు. ఆమె అద్దంలో నన్ను చూసి చెప్పింది. "నా పద్ధతి ఇది నవతక్కా. ఒకసారి ఒకామె గంట ఆలస్యంగ ఇల్లు చేరింది. ఆమె చెప్పి వచ్చిన పని అప్పటికే అయిపోవాలె. ఇంట్ల లొల్లయింది, మొగడు చెయ్యి చేసుకున్నడు. అప్పటి సంది ముందే అడుగుతున్న. అందరి అబద్ధాలల్ల ఏది పొట్టిదో చూస్త. దాని టైముకే అందరం వాపస్."

సుధారాణి ఎల్లారెడ్డి దగ్గర బడిలో టీచరు. ఆమె మొదలుపెట్టింది. "నేను చావుకాడికి పోయిన."

"ఎవర్ని చంపినవ్ టీచరమ్మా?" అంది వెనక నుంచి సాలవ్వ.

"మా పెద్దమ్మను. గాంధారిల."

"పోయినసారి కూడ ఆమెనే చంపినవ్ గదనే."

"గప్పుడు పెద్దమ్మ. ఇప్పుడు ఆమె తోటికోడలు, ఆమె కూడ పెద్దమ్మనే. మా అత్తకు మా దిక్కు సుట్టాల పేర్లు ఎరుక లేవు. పదేండ్లల్ల ఒక్కసారన్న అడగలే. గందుకే నాకింతమంది ఉన్నరు సావనీకి."

సాలవ్వది మాచారెడ్డి, బీడీలు చేస్తుంది. అరవై దాటాయి. కండ్ల దవాఖానకు పోతున్నానని కొడుకుకు చెప్పి వచ్చింది. "తోలుకపోత అన్లేదు వాడు. జాగ్రత్తగ పో అన్నడు. ఇగ పోయిన." అందరికంటే చిన్నది తార. బట్టల దుకాణంలో పని. మొగుడు దుబాయిలో ఉంటాడు. ఆమె ఇంట్లో ఉపవాస ప్రార్థన అని చెప్పి వచ్చింది.

"నేను డ్యూటీ అని చెప్పిన," అన్నాను.

"ఏ డ్యూటీ?"

"హైదరాబాద్ స్పెషల్. ఏడింటికి కామారెడ్డి బస్టాండ్లకు వస్తది. మా ఆయన దుకాణం ఎదురుంగనే. బస్సుల టైములన్ని ఆయనకు ఎరుక."

అందరూ లెక్క చేసుకుంటున్నారని నాకు తెలిసింది. చావుకు టైము లేదు. చావు దగ్గరికి పోయినవాళ్ళు పొద్దుగూకినా రావచ్చు. దవాఖానలో లైను ఎంతసేపుంటుందో ఎవరూ అడగరు. ఉపవాస ప్రార్థన ఒక్కోసారి తెల్లవారేదాకా సాగుతుంది. బస్సుకే టైముంది.

"అయితే నీదే పొట్టిది అక్కా," అంది లిదియా. "మూడింటికి గుట్ట దిగాలె."

నేను కిటికీలోంచి చూశాను. చీకట్లో పొలాలు వెనక్కి పోతున్నాయి. చావు, రోగం, దేవుడు, డ్యూటీ. వ్యానులో లిదియా కాక నలుగురం ఉన్నాం, నలుగురం వేరే వేరే చోట్ల ఉన్నాం. ఒకామె గాంధారిలో ఏడుస్తోంది. ఒకామె దవాఖాన బల్ల మీద కూర్చుంది. ఒకామె మోకాళ్ళ మీద ఉంది. నేను హైదరాబాద్‌లో జూబ్లీ బస్‌స్టేషన్ దాటుతున్నాను. ఈ వ్యానులో మాత్రం ఎవరూ లేరు. ఆ ఆలోచనతో నాకు నిద్ర పట్టింది.

మెలకువ వచ్చేసరికి ఎండ వచ్చింది. తారు రోడ్డు అయిపోయింది. చెట్ల మధ్య వ్యాను ఆగి ఉంది. ఎదురుగా గుట్టలు.

మా వైపు గుట్టలు నాకు తెలుసు. అవి నల్లరాళ్ళు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. ఇవి అలా లేవు. ఇవి పొరలు పొరలుగా ఉన్నాయి. ఇటుక రంగు పొర, దాని మీద గోధుమ రంగు పొర, మళ్ళీ ఇటుక రంగు. ఒక్కో చోట పొరలు అడ్డంగా పోయి, ఉన్నట్టుండి ఏటవాలుగా తిరిగాయి. నీళ్ళు దిశ మార్చుకున్న చోటు అది అని లిదియా చెప్పింది. సాలవ్వ దగ్గరికి పోయి రాతి మీద చెయ్యి పెట్టి, "బీడీల తునికాకు కట్ట లెక్కనే ఉంది" అంది. తర్వాత ఆ చెయ్యి తియ్యకుండా గుట్ట వెంట నడిచింది.

ఖాకీ చొక్కా విప్పి వ్యానులో పెట్టాను. నడుస్తుంటే కుడి చెయ్యి మాటిమాటికీ భుజం మీదికి పోతోంది. అక్కడ టికెట్ మిషను పట్టీ ఉండాలి. పట్టీ లేదు, అది ఒరిసిన గుంట ఉంది. గుంటను తడిమి చెయ్యి దించడం, మళ్ళీ తడమడం. కొంతసేపటికి చెయ్యి మానేసింది.

రెండు రాళ్ళ మధ్య సందు వచ్చింది. ఒక్కొక్కరమే పోవాలి. తార ముందు నిలబడిపోయింది, వెనక సుధారాణి, ఆమె వెనక నేను. నా నోటి నుంచి దానంతటదే వచ్చింది. "ముందుకు జరగాలె, ముందుకు జరగాలె, నడుమ జాగ ఉంది."

సుధారాణి నవ్వు ఆపుకోలేక రాయికి ఆనుకుంది. "ఎల్లారెడ్డి దిగేటోళ్ళు ఉన్నరా?" అంది.

"ఉన్నరు," అంది సాలవ్వ వెనక నుంచి. "గీ మోకాళ్ళు రెండు దిగుతయట."

సందు దాటాక రాతి నేల వచ్చింది. లిదియా అక్కడ మమ్మల్ని ఆపి కింద చూడమంది. రాతి మీద అలలున్నాయి. చెరువు ఒడ్డున నీళ్ళు వెనక్కి పోయాక బురదలో మిగిలే అలలే. ఒకదాని వెనక ఒకటి, నా పాదమంత దూరంలో, ఆ చివరిదాకా. నీళ్ళు ఒకరోజు ఇక్కడ ఊగాయి. ఆ రోజు పోయింది, ఆ ఊగడం పోలేదు. లిదియా చెప్పులు విప్పమంది. విప్పాను. మెట్టిన పాదం కింద రాతి అల వంగినట్టే అనిపించింది.

"ఇక్కడ కాసేపు మాట్లాడకండ్రి," అంది లిదియా. "ఎవరికి నచ్చిన కాడ వాళ్ళు కూసోండ్రి. పండుకుంటే పండుకోండ్రి."

నేను నీళ్ళ సీసా తీసి మూత విప్పాను. దాహం వేసింది, తాగాను. మళ్ళీ వేసింది, మళ్ళీ తాగాను. సీసా ఖాళీ అయింది. కాసేపటికి లేచి ఒక బండ వెనక్కి పోయాను. తొందర లేదు. నా కోసం ఏదీ ఆగి లేదు, ఎవరూ నవ్వడం లేదు. చీర సర్దుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. ఎందుకో చెప్పాలంటే, దాహం వేస్తే నీళ్ళు తాగినందుకు. ఇంకే కారణమూ లేదు.

తిరిగి వచ్చి ఆ అలల మీద వెల్లకిలా పడుకున్నాను. రాయి వెచ్చగా ఉంది. పగటిపూట, నలుగురు చూస్తుండగా, ఆకాశం కింద పడుకున్నాను. ఇంట్లో జ్వరమొచ్చి పడుకున్నా చెవులు వంటింట్లో ఉంటాయి. కుక్కరు కూత, కొళాయి చప్పుడు, "నవతా, నా చార్జరేది?" అన్న మాట. ఇక్కడ చెవులకు పని లేదు. అవి కొంతసేపు వెతుక్కుని ఊరుకున్నాయి. నా మీద నుంచి నీళ్ళు పోతున్నట్టుంది. నీళ్ళ అడుగున బస్సు నిలబడి ఉంది, ఇంజను ఆపి ఉంది. తలుపులు తెరిచి ఉన్నాయి. చేపలు ముందు తలుపు నుంచి ఎక్కి వెనక తలుపు నుంచి దిగుతున్నాయి. వాటికి చేతులు లేవు. నేను నా సీట్లో కూర్చుని చూస్తున్నాను. ఎక్కడికి అని అడగాల్సిన పని లేదని నాకు తెలుసు, వాటికీ తెలుసు.

నిద్రపోయానో లేదో చెప్పలేను. లేచేసరికి నీడలు ఇటు పక్క నుంచి అటు పక్కకు పోయాయి. తార డబ్బాలు విప్పుతోంది.

తింటుంటే లిదియా పైకి చూపించింది. గుట్ట చివర ఒక రాతి గోడ ఉంది. గోడ మధ్య రంధ్రం ఉంది, దాని గుండా ఆకాశం కనిపిస్తోంది. "దాన్ని మేం కిటికీ అంటం. గాలి, వాన కలిసి తొలిచినయ్. దాంట్ల కూసుంటే అవతల అడివి మొత్తం కనవడ్తది. సాయంత్రం ఎండ పడితే ఆ రాయి లోపటి నుంచి ఎర్రగైతది."

"పోదామా?" అంది తార.

లిదియా చేతి గడియారం చూసుకుంది. సుధారాణి ముద్ద కలుపుకుంటూ నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. సాలవ్వ, "మల్లోసారి చూద్దాం తియ్యి బిడ్డా" అంది.

ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. ఇక్కడికి వచ్చి కూడా టైము నాదే. నా వల్లే బండి కదలాలి, నా వల్లే ఆగాలి. సాలవ్వకు ఆ మోకాళ్ళతో మళ్ళోసారి ఉంటుందో లేదో.

అప్పుడు ఫోన్ మోగింది. గుట్ట మీద సిగ్నల్ ఉంటుందని నేను అనుకోలేదు. మా ఆయన.

"ఏ ప్లాట్‌ఫారం మీదున్నది నీ బస్సు?" అన్నాడు ఎత్తగానే.

"ఏంది?"

"మా అక్క జూబ్లీ బస్‌స్టేషన్ల నిలవడ్డది. పిల్లలున్నరు, సామానున్నది. నువ్వు స్పెషల్ మీద ఉన్నవని చెప్పిన. ముందటి సీట్లు ఆపు. ఏ ప్లాట్‌ఫారమో చెప్పు, ఆమెకు చెప్త."

ఫోన్ గొంతు బయటికి వినిపిస్తోంది. అందరూ తినడం ఆపారు. సుధారాణి నా మోచేయి పట్టుకుని గుసగుసగా, "బస్సు తొవ్వల ఖరాబైందను" అంది. తార చేత్తో గాలిలో కట్ చేసినట్టు చూపించి, "సిగ్నల్ లేదని పెట్టెయ్ అక్కా" అంది. సాలవ్వ ముందుకు వంగింది. "నా పేరు చెప్పవే. ముసల్ది బస్సుల పడ్డది, దవాఖానకు తెచ్చిన అను. కావలిస్తే నేను మూల్గుత." అని మూలగడం మొదలుపెట్టింది. తార నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

అన్నీ మంచి అబద్ధాలే. ఏది చెప్పినా నిలుస్తుంది. రోజూ బస్టాండులో "ఇంకో బస్సు వెనకాలనే వస్తుంది" అని చెప్పే మనిషిని, నాకు చేతకాక కాదు. కానీ వాళ్ళు అందిస్తున్న ప్రతి మాటలోనూ నేను పని చేస్తూనే ఉన్నాను. బస్సు ఖరాబైతే ఆ బస్సు పక్కన ఎండలో నిలబడి ప్రయాణికుల తిట్లు తింటున్నాను. ముసలామె పడిపోతే ఆమెను మోస్తున్నాను. పొద్దున నేను చెప్పి వచ్చిన దాంట్లోనూ అంతే. నా అబద్ధంలో కూడా నాకు ఆఫ్ లేదు.

"ఉన్నవా?" అన్నాడు.

"నేను బస్సు మీద లేను."

"మరి?"

"ఇయ్యాల నాకు ఆఫ్."

దుకాణంలో ఎవరో రీచార్జి అడుగుతున్నారు.

"ఆఫైతే ఇంట్ల ఎందుకు లేవు?" అన్నాడు. కోపంతో అనలేదు. నిజంగానే అడిగాడు.

"గుట్టల మీదున్న. గోదావరి దిక్కు. రాళ్ళు చూస్తున్న."

"రాళ్ళా? ఎవలతోని?"

"ఆడోళ్ళం. ఐదుగురం."

"ఏం పని మీద?"

"పనేం లేదు. ఊకెనే వచ్చిన."

"ఊకెనే అంటే ఏందే?"

ఆయన దుకాణం మూసి చౌరస్తాలో నిలబడతాడు. దోస్తు బండెక్కి ఎల్లారెడ్డిదాకా పోయి చాయ తాగి వస్తాడు. ఎక్కడికి పోయారని నేను అడిగితే "ఊకెనే" అంటాడు. ఆ మాట ఆయనకు తెలియనిది కాదు. నా నోట్లో దాన్ని పోల్చుకోలేకపోయాడు.

ఫోన్‌కు అవతల అత్తమ్మ గొంతు వినిపించింది. మధ్యాహ్నం చాయ పట్టుకుని దుకాణానికి వచ్చినట్టుంది. "ఏమైందిర?" అంది. "రాళ్ళు చూడ పోయిందట," అన్నాడు. ఆమె, "మొక్కుండెనేమో అడుగు" అంది.

"మొక్కేమన్న ఉండెనా?" అన్నాడు మా ఆయన. ఆ గొంతులో ఆశ ఉంది. ఔనంటే అయిపోతుంది. మొక్కు తీర్చుకోవడానికి చెప్పకుండా పోయిందని ఆయన తన అక్కకు చెబుతాడు, ఆమె దండం పెట్టుకుంటుంది, కొబ్బరి ముక్క తెచ్చావా అని అత్తమ్మ అడుగుతుంది. సాలవ్వ నా ఎదురుగా కూర్చుని ఔనను అన్నట్టు తల ఊపుతోంది.

"మొక్కు లేదు," అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేశాడు.

సుధారాణి, "మొక్కంటే ఏం పోయేది అక్కా? ఇగ నీ ఆఫ్ ఎప్పుడో రోజూ అడుగుతరు. డిపోకు ఫోన్ చేసి మరీ అడుగుతరు" అంది.

"అడగనియ్యి," అన్నాను. ముద్ద అలాగే ఉంది. దాన్ని తిన్నాను.

"చేతికి తెచ్చియ్యంగ వద్దంటివి," అంది సాలవ్వ. "నువ్వు మొండిదానివే." ఆ మాట తిట్టులా లేదు. తన డబ్బాలోంచి పచ్చడి తీసి నా అన్నం మీద వేసింది.

లిదియా చాలాసేపటి నుంచి గడియారం వైపు చూడటం లేదు. నా వైపు చూస్తోంది. "అక్కా," అంది, "నీ బస్సు రద్దయింది కదా."

నాకు అప్పుడు తెలిసింది. ఏడింటికి కామారెడ్డి బస్టాండులోకి ఏ బస్సు వచ్చినా దాంట్లోంచి నేను దిగాల్సిన పని లేదు. మూడింటికి గుట్ట దిగాల్సిన పని లేదు.

"ఇప్పుడు ఎవరిది పొట్టిది?" అంది తార.

"నాది కాదు," అంది సుధారాణి. "శవాన్ని ఇంక లేపనే లేదు."

"దవాఖానల లైను గేటు దాటింది," అంది సాలవ్వ. చేతులు కడుక్కుని, మోకాళ్ళు పట్టుకుని లేచింది. "నడువుండ్రి."

ఎక్కడానికి చాలాసేపు పట్టింది. సాలవ్వ కోసం ఆగాం. ఆమె ఆగమన్నప్పుడు ఆగాం, ఆమె నడిచినప్పుడు నడిచాం. చివర నేను కింద నుంచి పట్టుకుంటే లిదియా పైనుంచి చెయ్యి ఇచ్చింది. సాలవ్వ ముందు లోపలికి పోయి కూర్చుంది. తర్వాత మేము.

కిటికీలో ఐదుగురికి జాగా సరిపోయింది. కాళ్ళు అవతలికి వేలాడేసుకుని కూర్చున్నాం. కింద అడవి ఉంది. దాంట్లో దారి కనిపించలేదు. దారి లేని చోటును ఇంతసేపు చూడటం నాకు కొత్త. ఎండ వంగేకొద్దీ రాయి రంగు మారింది. తార చేతులు, సుధారాణి ముఖం, సాలవ్వ తెల్లజుట్టు, అన్నీ ఆ రంగులోకి వచ్చాయి. గాలి రంధ్రంలోంచి పోతూ శబ్దం చేస్తోంది. నీళ్ళ శబ్దమే అనిపించింది. ఇవాళ ఇంటికి పోయాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. అత్తమ్మ మాట్లాడదు. మా ఆయన మాట్లాడతాడు, చాలా మాట్లాడతాడు. ఆడబిడ్డ మధ్యలో కూర్చుంటుంది. అవన్నీ ఆ అడవి అవతల ఉన్నాయి. ఉండనివ్వాలనుకున్నాను.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఎవరూ నాకు మాట అందించలేదు.

"అక్క బస్సెక్కింది," అన్నాడు. గొంతు తగ్గింది. "ఏడింటికల్ల ఇంట్ల ఉంటది, పిల్లలతోని. నువ్వెప్పుడొస్తవ్?"

"నాకు ఆలస్యమైతది," అన్నాను. "అన్నం వండుకోండ్రి. నాకు కూడ ఉంచుండ్రి."